సోమవారం నేను చెప్పబోయేది ఆ పాఠమే

"బడి పిల్లలకు వాతావరణ మార్పు, వలసల పాఠాలెందుకు, భయపెట్టడానికా?" అంటూ ఐదు పాయింట్ల మెసేజ్ ఒకటి ఈ వారంలోనే మా పదో తరగతి బ్యాచ్ గ్రూపులో నాలుగుసార్లు వచ్చింది. పంపినవాళ్ళలో ఇద్దరు టీచర్లు. అందుకే రాస్తున్నా.

"వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంది." గత రెండు వేల ఏళ్ళలో భూమి ఇంత వేగంగా ఎప్పుడూ వేడెక్కలేదు. "ఎంసెట్‌లో మార్కులు రావు." ఎంసెట్‌లో రానివి బడిలో ఇంకా ఎన్నో చెబుతున్నాం. "విదేశీ ఎజెండా." బడుల్లో పర్యావరణం తప్పనిసరిగా బోధించాలని 1991లో చెప్పింది మన సుప్రీంకోర్టే.

నాకు కడుపు మండింది నాలుగో పాయింటుకి: "వలస పోయేది ఒళ్ళొంగనోళ్ళు, డబ్బాశతో పోతారు." ఒళ్ళొంగనివాడు బెంగళూరు ఎండలో నాలుగో అంతస్తుకు ఇటుకలు మోస్తాడా? మాది అనంతపురం జిల్లా. ఏడాదికి పడేదే దాదాపు 550 మిల్లీమీటర్లు, ఆ కాస్త వానా వేరుశనగ ఊడలు దిగే వేళకు రాకపోతే పెట్టుబడి మట్టిపాలు, బోరు వేయిస్తే ఇంకో అప్పు. సంక్రాంతి తర్వాత హాజరు పిలిస్తే మా ఐదో తరగతిలో ఆరుగురు పలకలేదు, అమ్మానాన్నలతో వలస పోయారు. ఒక పాప మాత్రం అవ్వ దగ్గర ఉండిపోయింది. నోటుబుక్కు చివరి పేజీలో అమ్మ నంబరు రాసుకుని, ఇంటర్వెల్‌లో వచ్చి "సార్, ఒక్కసారి కలపండి" అంటుంది. ఆ బిడ్డకు పాఠం కొత్తగా నేర్పే భయమేముంది? మీ నాయన తప్పు కాదమ్మా అని ఎవరో ఒకరు చెప్పాలి కదా! ఒడిశాలో సతభాయా ఊరిని సముద్రం మింగేస్తుంటే ప్రభుత్వమే జనాన్ని బాగపాటియా అనే పునరావాస కాలనీకి తరలించింది. వాళ్ళదీ డబ్బాశేనా? చెప్పండి, పంపినవాళ్ళెవరైనా.

ఐదో పాయింటు: "కోట్లమంది సరిహద్దులు దాటి వచ్చి పడతారని పిల్లల్ని బెదరగొడుతున్నారు." ఇందులో మాత్రం కొంత నిజముంది. పిల్లలకు అలా చెప్పడం తప్పే. 2050 నాటికి 21.6 కోట్ల మంది దాకా కదలవచ్చని 2021లో ప్రపంచ బ్యాంకు వేసిన అంచనా కూడా సొంత దేశాల లోపలి వలసల గురించే. పైగా మా కరువు కొత్తది కాదు, ధాత నామ సంవత్సరంలో వచ్చిందని ధాత కరువు అంటారే, ఆ పెద్ద కరువు 1876లోనే వచ్చింది. ప్రతి ఎండిన చేనుకూ వాతావరణ మార్పే కారణమని నేనూ చెప్పను, అప్పుల సంగతీ నీళ్ళ సంగతీ కలిపే చెబుతాను.

సోమవారం పిల్లలు తమవాళ్ళు వెళ్ళిన ఊళ్ళను మ్యాపులో గుర్తు పెడతారు. ఆ పాప బెంగళూరు ఎక్కడుందో అప్పుడే వెతికి పెట్టుకుంది.