‘ఎలా’ కంటే ముందు అడగాల్సింది

మన సంఘం మీటింగుల్లో ఎవరైనా కొత్త ఆలోచన చెప్పగానే మొదట వచ్చే ప్రశ్న, "అదెలా కుదురుతుందండీ?" చెప్పినవాళ్లు తడబడతారు. అంతే, అజెండాలో తర్వాతి అంశం. ఈ పద్ధతి మారాలి. ‘ఎలా’కు జవాబు లేనంత మాత్రాన ఆలోచన తప్పయిపోదు.

ఇందుకో ఉదాహరణ చెబుతాను. గోదావరి లోయలో సింగరేణి బొగ్గుతో పాటు ఉండే రాళ్లలో, ఎప్పుడో అంతరించిపోయిన గ్లోసోప్టెరిస్ అనే చెట్టు ఆకుల అచ్చులు దొరుకుతాయి. నాలుకలాంటి ఆకు, నడిమి ఈనె, దాని రెండు పక్కలా వల అల్లినట్టు సన్న ఈనెలు. ఇదే జాతి ఆకులు దక్షిణాఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, ఆఖరికి అంటార్కిటికాలోనూ ఉన్నాయి. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ చనిపోయిన బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందం చివరిదాకా వదలకుండా లాక్కొచ్చిన 16 కిలోల రాళ్లలో ఇవీ ఉన్నాయి.

ఆ ఏడాదే జర్మన్ వాతావరణ శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ వెగనర్, ఈ ఖండాలన్నీ ఒకప్పుడు కలిసే ఉండేవని చెప్పాడు. చించిన పేపరు ముక్కలు పక్కపక్కన పెడితే అంచులే కాదు, అచ్చయిన వరుసలు కూడా కలిసినట్టే, ఖండాల అంచులతో పాటు వాటి రాళ్లు, ఆకుల అచ్చులు కూడా కలుస్తున్నాయి కదా అన్నది ఆయన వాదన. మరి ఖండాలను కదిలించిన శక్తి ఏది? దానికి ఆయన చెప్పిన కారణాలు నిలవలేదు. భూభ్రమణం వల్ల పుట్టే బలం, సూర్యచంద్రుల ఆకర్షణ అందుకు ఏమాత్రం చాలవు. గ్రీన్‌లాండ్ కదులుతున్న వేగాన్నీ చాలా ఎక్కువగా లెక్కేశాడు. విమర్శకులు పట్టుకున్న తప్పులు నిజమైనవే. కానీ వాటితో పాటు రాళ్లలోని సాక్ష్యాన్నీ పక్కన పడేశారు. అది చాలా అన్యాయం. 1930లో వెగనర్ గ్రీన్‌లాండ్ మంచులోనే చనిపోయాడు. సముద్రం అడుగున కొత్త నేల పుడుతూ పక్కలకు విస్తరిస్తోందని 1960లలో తేలాక గానీ శాస్త్రలోకం ఆయన మాట ఒప్పుకోలేదు.

అలాగని వచ్చిన ప్రతి ఊహనూ నెత్తిన పెట్టుకోమనను. ఉన్న వివరణకు లొంగని సంగతులకు అది లెక్క చెబుతోందా, తప్పో ఒప్పో తేల్చుకునే దారి చూపిస్తోందా అన్నది చూడాలి. వెగనర్ ఆ దారి చూపించాడు: గ్రీన్‌లాండ్ కదులుతోందో లేదో తేలాలంటే దాని రేఖాంశాలు మళ్లీ మళ్లీ కొలవమన్నాడు. అడిగినప్పుడల్లా మాట మార్చే ఆలోచన దగ్గర ఇది దొరకదు.

మొన్నటి మీటింగులో ఓ కాలేజీ అమ్మాయి, మన సంఘం పిల్లలకు నడిపే తెలుగు క్లాసులో అక్షరాలు కాస్త ఆపి ముందు వంట చేయిస్తూ, క్రికెట్ ఆడిస్తూ మాటలు నేర్పుదామంది. సిలబస్ ఏది, టీచర్లేరి అన్నారు. "ఏం చూసి అలా అనిపించిందమ్మా?" అని ఎవరూ అడగలేదు. పెద్ద పిల్లలు క్లాసు మానేస్తున్న మాట మనందరికీ తెలుసు. దానికి మన దగ్గర వేరే వివరణ లేదు కూడా. ఆ అమ్మాయికి ఒక బ్యాచ్, రెండు నెలలు ఇద్దాం. పిల్లలు నిలిచారో లేదో హాజరు పట్టీలో చూసుకుందాం.