బీరుకు స్పాట్ వాల్యుయేషన్

బీరు తాగేవాళ్లతో నాకు పేచీ లేదు. బీరుకు మార్కులు వేసేవాళ్లతోనే చావొచ్చి పడింది.

సంక్రాంతికి ఊరికి దిగే బెంగళూరు పిల్లలు ఒకప్పుడు స్వీటు బాక్సు తెచ్చేవాళ్లు. ఇప్పుడు పెద్ద గాజు సీసా తెస్తున్నారు. గ్రౌలర్ అంటారు దాన్ని. లోపల ఉండేది వింటర్ స్పెషల్ క్రాఫ్ట్ బీరు, అంటే చిన్న బ్రూవరీలో కాచింది. చలిదేశాల్లో ఒంట్లో వెచ్చదనం కోసం తాగేదట. దాల్చినచెక్క, లవంగం, జాజికాయ, అల్లం, నారింజ తొక్క, పైగా 8 శాతం దాకా ఆల్కహాల్. మా అనంతపురంలో జనవరి మధ్యాహ్నం 30 డిగ్రీలు. ఒళ్లు వేడెక్కడానికి మాకు బీరెందుకు, కరెంటు బిల్లు చాలు. ఆ దినుసుల లిస్టు విని మా అక్క, "ఇవే వేసి నేను కషాయం కాచిస్తే మూతి తిప్పుకుంటివే" అని కొడుకును నిలదీసింది.

ఆ కొడుకే ఈ పండక్కి సాయినగర్‌లో వాళ్ల మిద్దె మీద సభ పెట్టాడు. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తాగకూడదు. మరీ చల్లగా ఉంటే వాసన పైకి రాదట, 12 డిగ్రీలకు రావాలట. థర్మామీటర్ పెట్టుకుని కూర్చున్నాం. ఉడకబెట్టిన చెనక్కాయలు అయిపోయాయి గానీ డిగ్రీలు పూర్తి కాలేదు.

తర్వాత తలా ఒక ఫారం ఇచ్చాడు. బీరు జడ్జీలకు పరీక్షలు పెట్టే సంస్థ ఒకటి 1985 నుంచి అమెరికాలో ఉంది, బీజేసీపీ అని. వాళ్ల లెక్కలో మొత్తం 50 మార్కులు. వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకు 5, మొత్తమ్మీద అభిప్రాయానికి 10. వైన్ జడ్జీల్లాగా వీళ్లు ఉమ్మేయరు, మింగుతారు. చేదు గొంతు దగ్గరే తెలుస్తుందని సాకు. ఇంత మంచి సాకు మనవాళ్లకు ఇన్నాళ్లూ తట్టకపోవడం విచారకరం.

సరిగ్గా అప్పుడే ట్యాంకు నిండిందేమో చూద్దామని మా బావ పైకొచ్చాడు. రిటైర్డ్ హెడ్మాస్టరు, చుక్క ముట్టని మనిషి. "ఇది తాగడం కాదు నాన్నా, టేస్టింగ్" అని వాడు ఫారం చూపించాడు. ఏళ్ల తరబడి పదో తరగతి పేపర్లు దిద్దిన చెయ్యి ఊరుకుంటుందా? జేబులోంచి ఎర్ర పెన్ను తీసింది.

"పాస్ మార్కులెన్ని?"

"పాస్, ఫెయిల్ ఉండవు నాన్నా. ఎంత చెత్త బీరైనా మర్యాదకు 13 వేస్తారు."

"మోడరేషన్ అన్నమాట."

గ్లాసును ట్యూబులైటుకు ఎత్తి పట్టి, రూపానికి రెండున్నర వేశాడు. అర మార్కు ఎందుకు కోశావంటే, అంచుదాకా పోశారు, మార్జిన్ వదల్లేదన్నాడు. వాసన చూసి, "దాల్చినచెక్కా ఉంది, లవంగమూ ఉంది. ఒక ప్రశ్నకు రెండు జవాబులు రాస్తే మొదటిదే దిద్దుతాం" అన్నాడు. ఈలోపు మావాడు గట్టిగా పీల్చి, తడిసిన అట్టపెట్టె వాసన వస్తోందని దిగులు పడ్డాడు. గాలి తగిలిన పాత బీరుకు ఆ వాసన వస్తుంది, నిజమే. 200 కిలోమీటర్లకు పైగా డిక్కీలో ఊగుతూ వస్తే దాని తప్పేముంది? "రీవాల్యుయేషన్‌కు పెట్టుకో" అన్నాడు బావ.

అంతవరకూ నవ్వుకుంటూనే ఉన్నా. కింద వీధి మలుపులో వైన్ షాపు. గోడకు ఆనుకుని ఒకాయన క్వార్టరు మూత తిప్పుతున్నాడు. మావాడు నోట్లో బీరు పుక్కిలిస్తూనే అటు చూసి, "తాగుబోతులు మామా, ఈ ఊరు బాగుపడదు" అన్నాడు.

ఏమిరా, ఆయనది తాగుడు, నీది పరిశోధనా?

2019 అక్టోబర్ నుంచి ఐదేళ్లు మందు షాపులు ప్రభుత్వమే నడిపింది. ఎన్నడూ పేరు వినని బ్రాండ్లు, ఇచ్చిందే సరుకు, చెప్పిందే రేటు. ఎండలో క్యూ కట్టిన బేల్దారికి ఎవడైనా ఫారం ఇచ్చినాడా? వాసనకు ఎన్ని, గొంతులో మంటకు ఎన్ని అని అడిగినాడా? కర్ణాటక టెట్రా ప్యాకెట్లు సంచిలో దొరికితే కూలోళ్ల మీద కేసులు పెట్టారు. నీ సీసా సరిహద్దులో కొడికొండ చెక్‌పోస్టు దాటి కారులో దర్జాగా వచ్చింది. 2020లో షాపులు మూసినప్పుడు కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చచ్చిపోయారు. దాని రుచి రాయడానికి నీ ఫారంలో గడి ఏదిరా? వాళ్ల నోట్లో ఏం పోస్తున్నారో చూసే దిక్కు లేదు. నీకేమో జాజికాయ కాస్త ఎక్కువైందని బాధ!

ఇదంతా అరిచే చెప్పాను. అంతా విని వాడు, "మామా, నువ్వు ఓవరాల్ ఇంప్రెషన్ నింపలేదు" అన్నాడు.

మేలో వేసవి స్పెషల్ తెస్తాడట. తెచ్చుకోనీ. 42 డిగ్రీల్లో, కరెంటు పోయిన మిద్దె మీద గ్లాసు తిప్పుతూ కూర్చోమను చూద్దాం. బావ మాత్రం వేసవికి సిలబస్ మారుతుందా అని అప్పుడే ఆరా తీస్తున్నాడు.