ఊళ్లు ఖాళీ అయ్యాక వచ్చిన సానుభూతి

ఐక్యరాజ్యసమితి బృందం దాదాపు 30 ఏళ్ల తర్వాత 2023 అక్టోబరు 1న అజర్‌బైజాన్‌లో ఆర్మేనియన్లు నివసించిన ప్రాంతమైన నగోర్నో-కరబాఖ్‌లో అడుగుపెట్టింది. అప్పటికి అక్కడ పలకరించడానికి మనుషులే కరవయ్యారు. అంతకు ముందు సెప్టెంబరు 19న అజర్‌బైజాన్ సైన్యం విరుచుకుపడింది. మర్నాటికే ఆర్మేనియన్ల ప్రతిఘటన ముగిసింది. ఆపై పది రోజులు తిరక్కుండానే లక్ష మందికి పైగా పుట్టిన ఊరు విడిచి ఆర్మేనియా దారి పట్టారు. వెళ్లిపోవడానికి పెట్రోలు కోసం వరుసలో నిలబడినవారు సైతం ఇంధన నిల్వ కేంద్రం పేలి వందకు పైగా బలయ్యారు.

ఈ ప్రజలకు రక్షణగా 2020 నవంబరు ఒప్పందం ప్రకారం 1,960 మంది రష్యా శాంతి సైనికులు వచ్చారు. వారు ఏం కాపాడారు? కరబాఖ్‌ను ఆర్మేనియాతో కలిపే ఏకైక మార్గమైన లాచిన్ దారి 2022 డిసెంబరు 12న మూతపడింది. పిండి, మందులు, పాలపొడి అందక జనం అలమటించారు. దారి తెరవాలని అంతర్జాతీయ న్యాయస్థానం 2023 ఫిబ్రవరిలో అజర్‌బైజాన్‌ను ఆదేశించింది. అయినా దిగ్బంధం బిగుసుకుందే తప్ప సడలలేదు. రష్యా సైనికులు చూస్తూ ఉండిపోయారు. ఉక్రెయిన్‌లో కూరుకుపోయిన మాస్కోకు అజర్‌బైజాన్ రాజధాని బాకుతో తగవు పెట్టుకునే ఓపిక లేకపోయింది. ఉక్రెయిన్‌పై దండెత్తడానికి రెండు రోజుల ముందే అజర్‌బైజాన్ అధ్యక్షుడు అలియేవ్‌తో మైత్రీ ప్రకటనపై పుతిన్ సంతకం చేశారు. పొరుగున పెత్తనం నిలుపుకోవడానికి మొదలుపెట్టిన యుద్ధం, మరో పొరుగున ఉన్న పెత్తనాన్ని ఊడగొట్టింది. కాకసస్‌లో ఇప్పుడు తుర్కియే రాజధాని అంకారా, బాకుల మాట చెల్లుతోంది. మాస్కోను నమ్ముకున్న ఆర్మేనియా రాజధాని యెరవాన్ ఒంటరిగా మిగిలింది.

కరబాఖ్ అంతర్జాతీయ చట్టం ప్రకారం అజర్‌బైజాన్‌దే. 1990ల యుద్ధంలో లక్షల మంది అజర్‌బైజానీలు ఇళ్లు కోల్పోయిన మాటా నిజం. అయితే సార్వభౌమత్వం ఉన్నంత మాత్రాన సొంత పౌరులని చెప్పుకునేవారిని తొమ్మిది నెలలు పస్తులుంచి, ఆపై ఫిరంగులు పేల్చే హక్కు ఏ చట్టమూ ఇవ్వదు.

మమ్మల్ని మరింత కలవరపెడుతున్నది ఐరోపా తీరు. ఎద్దు పుండు కాకికి ముద్దా? రష్యా గ్యాస్ వద్దనుకున్న ఐరోపా సమాఖ్య 2022 జులైలో బాకుకు పరుగెత్తి, 2027 నాటికి దిగుమతులు రెట్టింపు చేసుకునే ఒప్పందం చేసుకుంది. సమాఖ్య కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్ డెర్ లేయెన్ అలియేవ్ ప్రభుత్వాన్ని నమ్మదగిన భాగస్వామి అని మెచ్చుకున్నారు. నాలుగు నెలలకే ఆ భాగస్వామి తన అవసరాలకు రష్యా నుంచి గ్యాస్ కొనడం మొదలుపెట్టింది. ఐదు నెలలకు లాచిన్ దారి మూసుకుంది. ఒక దురాక్రమణదారును శిక్షించే పేరుతో మరో బలప్రయోగానికి ఖర్చులు సమకూర్చారు. గ్యాస్ అమ్మేవాడైతే జనాన్ని ఆకలితో మాడ్చి ఊళ్లు ఖాళీ చేయించినా చెల్లుతుందన్న పూర్వోదాహరణ ప్రపంచానికి అందింది. ఇది కరబాఖ్‌తో ఆగదు. పొరుగు భూములపై కన్నేసిన ప్రతి పాలకుడూ దీన్ని శ్రద్ధగా చదువుకుంటాడు.

మనకూ ఇది దూరపు గొడవ కాదు. ఆర్మేనియాను దేశంగా గుర్తించడానికే 2025 వరకూ నిరాకరించిన పాకిస్థాన్, దానికి తోడు తుర్కియే, అజర్‌బైజాన్ ఒక్క జట్టుగా కదులుతున్నాయి. యెరవాన్‌కు పినాక రాకెట్లు అమ్ముతున్నట్టు వార్తలకెక్కిన ఢిల్లీ, ఈ ఊళ్ల ఖాళీపై మాత్రం గొంతు పెగల్చకపోతే ఎలా?

నఖ్‌చివాన్‌కు (అజర్‌బైజాన్ ప్రధాన భూభాగం నుంచి విడిగా ఉన్న దాని ప్రాంతం) దక్షిణ ఆర్మేనియా మీదుగా దారి కావాలని అలియేవ్ పట్టుబడుతూ వచ్చారు. ఇవ్వకపోతే బలవంతంగానైనా తీసుకుంటామని 2021లోనే అన్నారు. ఆ దారి అడిగిన స్యూనిక్ ప్రాంతం ఆర్మేనియా సొంత గడ్డ. అక్కడ ‘మా భూభాగమే’ అన్న సాకు కూడా ఉండదు. బ్రస్సెల్స్‌లోని ఐరోపా సమాఖ్య సానుభూతి ప్రకటనలు ఆపి, ముందు ఆ గ్యాస్ ఒప్పందాన్ని పక్కన పెట్టాలి. ఆ మాత్రం చేతకాని నాయకులు కీవ్ వెళ్లి సరిహద్దుల పవిత్రత గురించి ఏ ముఖం పెట్టుకుని మాట్లాడతారు?