నాగలి వదిలినా వదలని పంపకం

ఆడామగా తేడా సృష్టిలోనే ఉందని మన ప్రవాస తెలుగువాళ్ల సమావేశాల్లో చదువుకున్నవాళ్లే అంటుంటే బాధేస్తుంది. శరీరాల్లో తేడా సృష్టిదే కావచ్చు. ఆస్తిలో, కూలిలో, మాట చెల్లుబాటులో తేడా మాత్రం మనుషులు పెట్టుకున్నదే.

టర్కీలోని చాతల్‌హుయుక్‌లో దాదాపు 9000 ఏళ్ల నాటి ఎముకలను పరీక్షిస్తే, ఆడవాళ్లూ మగవాళ్లూ ఇంచుమించు ఒకే తిండి తిన్నట్టు తేలింది. పక్కటెముకలకు అంటిన పొయ్యి మసి కూడా ఇద్దరిలోనూ ఒకేలా ఉంది, అంటే ఇద్దరూ ఇంట్లో గడిపిన కాలం ఇంచుమించు ఒకటే. అప్పటికే వాళ్లు సాగు చేస్తున్నారు, కాబట్టి సాగు రాగానే తేడా వచ్చిందనలేం.

మరి తేడా ఎక్కడ మొదలైంది? డెన్మార్క్ ఆర్థికవేత్త ఎస్తర్ బోసెరప్ 1970లో నాగలిని చూపించారు. పారతో తవ్వి పండించే చోట పొలం పని ఎక్కువగా ఆడవాళ్లదే. నాగలి పట్టడానికి భుజబలం కావాలి, చంటిబిడ్డను చూసుకుంటూ ఎడ్లను అదిలించడం కుదరదు. అలా పొలం, దానితోపాటు పెత్తనం మగవాడి చేతికి పోయాయి. ఆడదాని పనికి విలువ ఉన్నచోట మగపెళ్లివారే డబ్బిస్తారని, విలువ పోయినచోట కట్నం వస్తుందని కూడా ఆమె రాశారు. ఓలి (మగపెళ్లివారు ఇచ్చే సొమ్ము) పోయి కట్నం వచ్చిన మన కులాల సంగతి ఎరిగినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు.

అన్నిటికీ నాగలే కారణమని నేను అనను. మన వరిపొలాల్లో నాట్లు, కలుపు ఆడవాళ్లే చూస్తారు. అయినా పట్టా ఎక్కువగా మగవాడి పేరునే ఉంటుంది. రాజ్యాలూ చట్టాలూ ఆ పెత్తనాన్ని బిగించాయి. సుమారు క్రీ.పూ. 1750 నాటి బాబిలోన్ రాజు హమ్మురాబి శాసనం ప్రకారం అప్పులపాలైన మగవాడు భార్యాబిడ్డలను మూడేళ్ల చాకిరీకి అప్పగించవచ్చు.

మనకు బాగా తగిలే సంగతి 2013లో బయటపడింది. అలెసీనా, జులియానో, నన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు చూస్తే, తాతముత్తాతలు నాగలి దున్నిన కుటుంబాల్లో ఆడవాళ్లు ఉద్యోగాలు చేయడం తక్కువ. అమెరికా, యూరప్‌లకు వలస వచ్చినవాళ్ల పిల్లల్లోనూ అంతే!

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1985 నుంచే హిందూ కుటుంబాల్లో పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు ఇచ్చింది. దేశమంతా హిందూ కుటుంబాల కూతుళ్లకు ఆ హక్కు 2005లో వచ్చింది. అయినా సెలవులకు ఊరెళ్లిన ఆడపడుచుల చేత హక్కు వదులుకుంటున్నట్టు సంతకాలు పెట్టిస్తూనే ఉన్నారు. "పసుపుకుంకుమల కింద ఇచ్చాం కదమ్మా" అంటారు. ఆమె టెన్షన్ పడి, పుట్టింటికి దూరమవుతానని భయపడి సంతకం పెట్టేస్తుంది. ఇది చదివే అన్నదమ్ములను అడుగుతున్నాను: ఈసారి ఆ కాగితం రాయించకండి. ఆమె వాటా కొలిపించి ఆమె పేరునే రిజిస్టర్ చేయించండి. తర్వాత ఎవరికి ఇచ్చుకుంటుందో ఆమె ఇష్టం.