అరగంట దొరికితే చాలు: ఇండీ గేములకు స్విచ్ ఎందుకు కలిసొచ్చింది?

స్టార్‌డ్యూ వ్యాలీ గేమ్‌లో ఒక రోజు గడవడానికి మన గడియారంలో దాదాపు 14 నిమిషాలు పడుతుంది. పొద్దున్న ఆరింటికి లేచి, మొక్కలకు నీళ్లు పోసి, గనిలోకి దిగి, చేపలు పట్టి, రాత్రి రెండింటిలోగా మంచం ఎక్కాలి. పడుకుంటేనే గేమ్ సేవ్ అవుతుంది. మధ్యలో ఆపేస్తే ఆ రోజు పడ్డ కష్టమంతా గల్లంతే. పీసీ ముందు కూర్చున్నవాడికి ఇదో సమస్య కాదు, ఇంకో పది నిమిషాలు అక్కడే కూర్చుంటాడు. అదే గేమ్ 2017 అక్టోబరులో నింటెండో స్విచ్ మీదకు, అంటే టీవీకి తగిలించీ చేతిలో పట్టుకునీ ఆడుకునే కన్సోల్ (గేముల యంత్రం) మీదకు వచ్చింది. అక్కడ పవర్ బటన్ ఒక్కసారి నొక్కితే చాలు, గాలం నీళ్లలో ఉండగానే కాలం ఆగిపోతుంది. రెండు గంటలకో, మర్నాడో మళ్లీ నొక్కితే గాలం అక్కడే ఉంటుంది, చేప కూడా.

ఆ ఏడాదికి మిగిలింది మూడు నెలలే. అయినా 2017లో స్విచ్ మీద అన్నిటికంటే ఎక్కువగా డౌన్‌లోడ్ అయిన గేమ్ అదేనని నింటెండోనే ప్రకటించింది. ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషి నాలుగేళ్లకు పైగా కూర్చుని చేసిన గేమ్ అది. బొమ్మలు, సంగీతం, కోడ్, మాటలు అన్నీ ఆయనవే. ఇలా పెద్ద కంపెనీల అండ లేకుండా ఒకరో కొందరో చేసుకునేవాటినే ఇండీ గేములంటారు.

ఇలాంటి చిన్న గేములు ఈ కన్సోల్ మీద ఎందుకంత బాగా అమ్ముడయ్యాయని అడిగితే తరచూ వినిపించే జవాబు ఒకటుంది. పెద్ద గేములు ఆ యంత్రం మీద నడవలేదు, కాబట్టి ఉన్నవాటినే జనం కొన్నారని. చెట్టు లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమన్నట్టు. ఇందులో నిజం లేకపోలేదు. 2017 మార్చి 3న వచ్చిన స్విచ్‌లో ఉన్నది ఎన్‌విడియా వారి టెగ్రా ఎక్స్1 చిప్, 4 జీబీ మెమరీ. అప్పటి ప్లేస్టేషన్ 4లో 8 జీబీ ఉండేది. దాని కోసం చేసిన భారీ గేములను స్విచ్‌లోకి కుదించడం మామూలు పని కాదు. 2015లో వచ్చిన ది విచర్ 3 స్విచ్ మీదకు చేరడానికి 2019 అక్టోబరు దాకా పట్టింది. మొదటి ఏడాదిలో నింటెండో సొంత పెద్ద గేములైన ఒక జెల్డాకూ ఒక మారియోకూ నడుమ నెలలకు నెలలు దుకాణంలో ఖాళీ. ఆ ఖాళీలో చిన్న గేములు కళ్లకు కనబడ్డాయి. పైగా నింటెండో తన సొంత గేముల ధర తగ్గించడానికి తొందరగా ఒప్పుకోదు. 60 డాలర్ల గేమ్ పక్కన 15, 20 డాలర్ల గేమ్ కనిపిస్తే చెయ్యి అటే పోతుంది.

అయితే ఖాళీ అలమారే అసలు కారణమైతే, స్విచ్‌కు ముందు వచ్చిన వీ యూ మీద ఈ వ్యాపారం ఇంకా బాగా జరిగి ఉండాలి. దాని అలమార ఇంతకంటే బోసిగా ఉండేది. కానీ ఆ కన్సోల్ మొత్తమ్మీద అమ్ముడైంది 1.35 కోట్లే, కొనడానికి జనమే లేరు. పోనీ చేతిలో పట్టుకుని ఆడటమే కారణమా అంటే, సోనీ పీఎస్ వీటా ఉంది. మంచి తెర, మంచి బటన్లు, నొక్కగానే నిద్రపోయే సౌకర్యం అన్నీ ఉన్నాయి. ఒక దశలో దాన్ని ఇండీ గేముల యంత్రమనే పిలిచేవారు. అయినా దానికి మాత్రమే సరిపోయే ఖరీదైన మెమరీ కార్డులు కొనాల్సి వచ్చేది, పెద్ద గేములు రావడం తగ్గిపోయింది, చివరికి సోనీ దాని అమ్మకాల లెక్కలు విడిగా చెప్పడమే మానేసింది. స్విచ్‌కు మూడూ కలిసొచ్చాయి: ఖాళీ, చేతిలో ఇమిడే రూపం, జనం. ఆ జనం కూడా మారియో, జెల్డాల కోసం వచ్చినవాళ్లు. 2024 చివరికి ఆ కన్సోల్ అమ్మకాలు 15 కోట్లు దాటాయి. వచ్చినవాళ్లలో నూటికి ఇద్దరు ముగ్గురు పక్కకు చూసినా ముగ్గురు మనుషుల స్టూడియోకు ఏళ్లపాటు జీతాలు గడుస్తాయి.

పక్కకు చూసినవాళ్లు అక్కడే ఎందుకు ఆగిపోయారన్నది నాకు ఇంతకంటే ఆసక్తి కలిగించే ప్రశ్న. నా జవాబు కాలంతో ముడిపడినది. చేతి కన్సోల్ గురించి మాట్లాడేటప్పుడు అందరూ చోటు గురించే చెబుతారు: రైల్లో ఆడొచ్చు, మంచం మీద ఆడొచ్చు అని. నిజానికి చాలామంది దాన్ని ఇల్లు దాటించరు. మారింది ఎక్కడ ఆడతామన్నది కాదు, ఎంతసేపు దొరికితే ఆడతామన్నది. టీవీ ముందు కూర్చోవాలంటే ఒక గంటన్నా ఖాళీ చేసుకోవాలి, ఇంట్లో ఇంకెవరూ టీవీ చూడకుండా ఉండాలి. స్లీప్ బటన్ ఉన్న యంత్రానికి పిల్లాడు నిద్రపోయిన ఇరవై నిమిషాలు చాలు.

ఆ ఇరవై నిమిషాల్లో ఏది ఇముడుతుంది? సెలెస్ట్ అనే ఇండీ గేమ్‌లో ఒక్కో తెరా ఒక్కో చిన్న గండం. చచ్చిపోతే మరుక్షణం అదే తెర మొదట్లో ఉంటాం. ఎన్నిసార్లు చచ్చామో గేమే లెక్కపెట్టి పెడుతుంది. ఇంటు ది బ్రీచ్‌లో ఎనిమిది గళ్లకు ఎనిమిది గళ్ల పలక మీద నాలుగైదు ఎత్తుల్లో ఒక యుద్ధం తేలిపోతుంది. వాంపైర్ సర్వైవర్స్‌లో ఒక ఆట మహా అయితే 30 నిమిషాలు. హేడిస్‌లో పాతాళం నుంచి ఒకసారి పారిపోయే ప్రయత్నం దాదాపు అంతే. వీటిలో చాలావరకు హ్యాండ్‌హెల్డ్ కోసం ఆలోచించి చేసినవి కావు. వీటికి ఆ ఆకారం ఇచ్చింది డబ్బు లేకపోవడం. ఐదుగురు మనుషులు యాభై గంటల కథను సినిమాలా చిత్రించలేరు, వంద ఊళ్లను గీయలేరు. అందుకని ఒక చిన్న చక్రాన్ని బాగా నునుపు చేసి, దాన్నే వందసార్లు తిప్పినా విసుగు రాకుండా చూస్తారు. పేదరికంలోంచి పుట్టిన ఆ చక్రం, చేతి కన్సోల్ ఇచ్చిన అరగంటలో అతికినట్టు సరిపోయింది. ఇది ఎవరూ ముందే వేసుకున్న పథకం కాదు.

భారీ గేముల నడక వేరు. కంపెనీల లోగోలు, లోడింగు, అకౌంట్ లాగిన్, ఆపైన పది నిమిషాల సన్నివేశం, ఆ తర్వాత గుర్రమెక్కి ఇంకో పది నిమిషాల ప్రయాణం. ఆన్‌లైన్ గేమయితే యంత్రం నిద్రపోగానే కనెక్షన్ తెగుతుంది. నిద్ర లేపితే మళ్లీ మొదటి మెనూ.

మరి ఫోన్ మాటేమిటని మీరు అడగొచ్చు. అందరి జేబులోనూ ఉన్న చేతి యంత్రం అదే కదా. నా వాదనకు ఇదే గట్టి పరీక్ష. స్టార్‌డ్యూ వ్యాలీ ఫోన్ మీద 5 డాలర్లకే దొరుకుతుంది, స్విచ్ మీద 15. గేమ్ ఒక్కటే. అయినా స్విచ్ మీద దాన్ని 2024 చివరికి 79 లక్షల మంది కొన్నారు. మూడింతలు ఎందుకు పెట్టారు? బటన్లు ఒక కారణం. గాజు మీద వేలు రాస్తూ సెలెస్ట్ లాంటి గేమ్‌లో కొండ ఎక్కడం నరకం. రెండోది అలవాటు: ఫోన్ మీద గేమంటే ఉచితంగా దొరికేదని, లోపల డబ్బు గుంజేదని జనం మనసులో స్థిరపడిపోయింది, అక్కడ ముందే డబ్బు అడిగేవాడు అపరాధిలా నిలబడాలి. కన్సోల్ దుకాణంలో డబ్బు పెట్టి కొనడం మర్యాదే. మూడోది, ఫోన్‌లో దొరికే అరగంట నిజంగా మనది కాదు. దాని మధ్యలో మెసేజ్ దూరుతుంది, కాల్ వస్తుంది. స్విచ్‌కు ఎవరూ ఫోన్ చేయరు.

పీసీ మీద ఒకసారి కొన్న గేమ్‌నే స్విచ్ మీద మళ్లీ కొన్నవాళ్లు చాలామంది ఉన్నారు. గేమ్ వాళ్ల దగ్గర ముందే ఉంది కాబట్టి రెండోసారి డబ్బిచ్చింది దేనికో వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడ ఒక్క మాట ఒప్పుకోవాలి. స్టార్‌డ్యూ మొత్తం అమ్మకాలు 2024 చివరికి 4.1 కోట్లయితే అందులో 2.6 కోట్లు పీసీవే. ఇండీ గేములకు పుట్టిల్లు ఇప్పటికీ పీసీయే. ఆ లెక్కలో పీసీ గేముల ఆన్‌లైన్ దుకాణమైన స్టీమ్ చాలా ఏళ్లుగా ఇచ్చిన డిస్కౌంట్లు కూడా కలిసి ఉన్నాయనుకోండి.

సాంకేతికంగా కూడా కొన్ని చక్కగా అతికాయి. సెలెస్ట్‌ను లోపల గీసేది 320 అడ్డం, 180 నిలువు పిక్సెళ్లలో. స్విచ్ తెర 1280 అడ్డం, 720 నిలువు. సరిగ్గా నాలుగింతలు. ఒక్క చుక్క చెదరకుండా, అంచులు మసకబారకుండా బొమ్మ నిలబడుతుంది. మొదటి స్విచ్‌లో ఉన్న 32 జీబీలో వాడుకోవడానికి మిగిలేది 26 జీబీ లోపే. ఒకటి రెండు జీబీల గేములు అందులో డజను పడతాయి. అన్నీ ఇంత బాగా కుదరలేదు లెండి. పెద్ద మానిటర్ కోసం రాసిన అక్షరాలను అలాగే 6.2 అంగుళాల తెర మీదకు దించేసిన గేములకు కొదవ లేదు. ఒక గేమ్‌లో వస్తువుల పేర్లు చదవడానికి కన్సోల్‌ను ముక్కు దగ్గరకు తెచ్చుకుని, చివరికి ఏ మందు ఎందుకో ఊహించుకుంటూ ఆడాను. తప్పుగానే ఊహించాను.

నింటెండో ఎప్పుడూ చిన్న గేములు చేసేవాళ్లకు చోటిచ్చిన సంస్థేమీ కాదు. వీ యూకు ముందు వచ్చిన వీ కన్సోల్ కాలంలో వాళ్లు ఆటలో అరటిపండే. ఆ కన్సోల్ ఆన్‌లైన్ దుకాణంలో గేమ్ 40 ఎంబీ దాటకూడదు. సూపర్ మీట్ బాయ్ అనే ఇండీ గేమ్ దానికోసమే తయారవుతూ, ఆ సైజులో పట్టక చివరికి అక్కడికి రాకుండానే పోయింది. ఇంత సంఖ్యలో అమ్ముడైతేనే డెవలపర్‌కు డబ్బు చేతికొచ్చే షరతు ఒకటి. ఇల్లు కాని ఆఫీసు ఉండాలన్న నిబంధన మరొకటి. పడగ్గదిలో గేమ్ రాసేవాడికి ఇది తలుపు మూసినట్టే. స్విచ్ నాటికి ఆ గోడలు కూలాయి. గేములు తయారుచేయడానికి వాడే సాఫ్ట్‌వేర్లు, యూనిటీ, అన్‌రియల్ ఇంజిన్లు, మొదటినుంచే స్విచ్‌కు పనిచేశాయి. యూనిటీలో గేమ్ రాసుకున్నవాడు మొత్తం తిరగరాయక్కర్లేకుండా తేవచ్చు.

ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో కొద్దిమందితో నడిచే టీమ్ చెర్రీ సంగతే చూడండి. జనం దగ్గర ముందే డబ్బు పోగుచేసుకునే క్రౌడ్‌ఫండింగ్‌లో, తమ హాలో నైట్ గేమ్‌ను వీ యూకు తెస్తామని మాటిచ్చారు. ఆ కన్సోలే పోయాక ఆ మాట స్విచ్ మీద నిలబెట్టుకున్నారు. 2018 జూన్‌లో ఈ3 అనే గేముల ప్రదర్శన సందర్భంగా చేసిన ప్రసారంలో నింటెండో ఆ గేమ్‌ను చూపించి అదే రోజు అమ్మకానికి పెట్టింది. రెండు వారాల్లో 2.5 లక్షల కాపీలు పోయాయి. పీసీ మీద అది అప్పటికే ఏడాదికి పైగా పాత గేమ్. లక్షలమంది చూసే వేదిక మీద కాసేపు చోటు దొరకడం ఏ ప్రకటన బడ్జెట్‌తోనూ కొనలేనిది.

ఆ ఖాళీ ఎక్కువ కాలం నిలవలేదు. అమ్ముడవుతున్నాయన్న మాట పాకగానే అందరూ వచ్చి పడ్డారు. స్విచ్ దుకాణంలో బెస్ట్‌సెల్లర్ల జాబితా వచ్చిన డబ్బును బట్టి కాక, పోయిన కాపీల సంఖ్యను బట్టి నడిచేది. దాంతో కొందరు పబ్లిషర్లు పది, పదిహేను డాలర్ల గేమ్‌ను డాలరు లోపు ధరకు దించేసి, జాబితా పైకెక్కి, అక్కడినుంచి ధర పెంచుకునే ఎత్తుగడ పట్టారు. కొందరు నిజంగానే బాగుపడ్డారు. దుకాణం మాత్రం పాడైంది: డిస్కౌంట్ వచ్చేదాకా ఆగడం కొనేవాళ్లు నేర్చుకున్నారు, పూర్తి ధరకు నిలబడదామనుకున్న కొత్త గేమ్ కిందెక్కడో కనబడకుండా పోయింది. ఈరోజు కొత్తగా వచ్చే డెవలపర్‌కు 2017 నాటి స్టార్‌డ్యూ కథ చెప్పి ఆశపెట్టడం అన్యాయం. రూపం అదే, జనం ఇంకా ఎక్కువ, కానీ మూడోదైన ఖాళీ లేదు.

రూపం బలం మాత్రం నింటెండో సొత్తు కాదని 2022 ఫిబ్రవరిలో వచ్చిన, స్టీమ్ గేములు ఆడే చేతి యంత్రం స్టీమ్ డెక్ తేల్చింది. దాని మీద పీసీ గేముల్లో చాలావరకు ఉన్నాయి, భారీవాటితో సహా. అలమారలో ఖాళీ అన్న మాటే లేదు. అయినా ఆ ఏడాది దాని మీద ఎక్కువగా ఆడిన గేముల జాబితాల్లో ఎల్డెన్ రింగ్ లాంటి భారీ గేమ్ సరసనే వాంపైర్ సర్వైవర్స్, స్టార్‌డ్యూ, హేడిస్ కనబడ్డాయి. మహావృక్షాల మధ్య కూడా ఆముదపు చెట్టు నిలబడుతుందన్నమాట.

2025 జూన్ 5న వచ్చిన స్విచ్ 2తో అదే పరీక్ష నింటెండో ఇంట్లోనూ మొదలైంది. సైబర్‌పంక్ 2077 లాంటి భారీ గేమ్ మొదటి రోజే దాని మీద ఉంది. మారియో కార్ట్ వరల్డ్ డౌన్‌లోడ్ ధర 80 డాలర్లు. మూడు నెలలకు, సెప్టెంబరు 4న, టీమ్ చెర్రీ ఏళ్లుగా ఊరిస్తున్న హాలో నైట్ తరువాయి గేమ్ సిల్క్‌సాంగ్‌ను 20 డాలర్లకు విడుదల చేసింది. కొనేవాళ్ల తాకిడికి నింటెండోదీ స్టీమ్‌దీ సహా ఆన్‌లైన్ దుకాణాలు కాసేపు మొరాయించాయి. ఆ గేమ్‌లో చచ్చిపోతే చివరిసారి కూర్చున్న బెంచీ దగ్గరే మళ్లీ లేస్తాం. తర్వాతి బెంచీ ఎంత దూరంలో ఉందో తెలియదు, దారంతా శత్రువులు, అవతల ఇంట్లో ఎవరో పిలుస్తుంటారు. చేతిలో స్విచ్ ఉన్నవాడు బటన్ నొక్కి, గాలిలో ఎగిరిన బొమ్మను గాలిలోనే వదిలేసి లేచి వెళ్తాడు.