సవరణ: నేలపట్టు పక్షుల పోస్టులో రెండు తప్పులు

ఆంధ్రప్రదేశ్‌లోని నేలపట్టు పక్షుల కేంద్రంలో ఉండే గూడబాతుల (పెలికాన్ల) మీద పోయిన వారం రాసిన పోస్టులో, అవి సైబీరియా నుంచి వస్తాయని రాశాను. తప్పు నాదే. చిన్నప్పటి నుంచి విన్న మాటను సరిచూసుకోకుండా రాసేశాను. మన గూడబాతు దక్షిణాసియా పక్షే. వానలు, చేపలు ఉన్నచోటికి చెరువులు మారుతూ ఇక్కడే గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచుతుంది. పక్షుల గైడ్ పుస్తకాల్లో ఇదే ఉంది. చుట్టమనుకున్నాం గానీ అది ఇంటిదే.

రెండోది ఇంకా ముఖ్యం. ‘చంపితేనే కేసు, గూళ్ల దగ్గరికెళ్లి ఫొటోలు తీస్తే ఏం కాదు’ అన్నాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం చదివితే, గుడ్లు పాడుచేయడమే కాదు, గూళ్లకు, గుడ్లకు అలజడి కలిగించడం కూడా ‘వేట’ నిర్వచనం కిందికే వస్తుంది.

చట్టం సంగతి అలా ఉంచినా, మనిషి దగ్గరికెళితే తల్లి పక్షి గూడు వదిలి ఎగిరిపోతుంది. కాసేపే కదా అనిపిస్తుంది. ఆ కాసేపట్లోనే కాకులు గుడ్లెత్తుకుపోతాయి, ఈకలు రాని పిల్లలు ఎండకు మాడిపోతాయి. డ్రోన్ ఎగరేసినా ఇదే టెన్షన్ వాటికి.

పాత పోస్టులో ఆ రెండు వాక్యాలు తీసేశాను. షేర్ చేసినవాళ్లు దీన్ని కూడా జత చేయండి.