హోదా ఇచ్చారు సరే, పేపర్లు దిద్దేది ఎవరు?

దాళ్వా మాసూళ్లు అయి ధాన్యం డబ్బులు ఖాతాల్లో పడ్డ కొన్నాళ్లకే ఈఏపీసెట్ ర్యాంకులొస్తాయి. ఇక రావులపాలెం నుంచి భీమవరం దాకా ఏ సెంటర్‌లో చూసినా కాలేజీల ఫ్లెక్సీలే. నిన్నటిదాకా కాలేజీ అన్నవి కొన్ని ఇప్పుడు యూనివర్సిటీలు. బస్సులు అవే, బిల్డింగులు అవే, పాఠాలు చెప్పే మాస్టార్లూ చాలావరకు వాళ్లే. మరి మారిందేమిటి?

మారింది పరీక్ష. అనుబంధ కాలేజీ అయితే ప్రశ్నపత్రం కాకినాడ జేఎన్‌టీయూ నుంచి వస్తుంది, పేపర్లు స్పాట్ వాల్యుయేషన్‌కి పోతాయి. అటానమస్ అయితే పరీక్ష సొంతంగా పెట్టుకున్నా పట్టా మీద కాకినాడ పేరే ఉంటుంది. యూనివర్సిటీ హోదా వస్తే సిలబస్, పేపరు, దిద్దడం, పట్టా ముద్రించడం అన్నీ ఒకే గేటు లోపల జరిగిపోతాయి. ఫీజు పుచ్చుకునే యాజమాన్యమే పాస్ కూడా చేస్తుంది. ధాన్యం కొనేచోట తేమ చూసే మిషన్ మిల్లరు చేతికిచ్చేస్తే మన రైతు ఊరుకుంటాడా?

నియంత్రణ లేదని కాదు. ఉన్నదంతా గుమ్మం దగ్గరే. ఒక దారి డీమ్డ్ హోదా, అంటే కేంద్రం ఒక సంస్థను యూనివర్సిటీతో సమానమని ప్రకటించడం. దానికి ఆధారం యూనివర్సిటీలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ యూజీసీ 1956 నాటి చట్టం మూడో సెక్షన్. 2023 నిబంధనల ప్రకారం వరుసగా మూడు విడతలు, కాలేజీల నాణ్యతకు గ్రేడ్లిచ్చే నాక్‌లో 3.01 పాయింట్లకు తగ్గకుండా ఎ గ్రేడ్ ఉండటం అర్హతల్లో ఒకటి. రెండో దారి రాష్ట్ర ప్రైవేటు యూనివర్సిటీల చట్టం, 2016లో వచ్చింది. ఆ తర్వాత 35 శాతం సీట్లు కన్వీనర్ కోటాకి ఇవ్వాలన్నారు. మంచిదే. కానీ అదీ అడ్మిషన్ సంగతే. లోపలికి వెళ్లాక పిల్లాడి పేపరు ఎంత నిజాయితీగా దిద్దుతున్నారో ఎవరు చూస్తున్నారు?

పోనీ, గుమ్మం కాపలా అయినా గట్టిదా అంటే, 2025 ఫిబ్రవరిలో నాక్ గ్రేడ్ కోసం లంచాలిచ్చారన్న ఆరోపణలపై తనిఖీ బృందం సభ్యులనే సీబీఐ అరెస్టు చేసింది. తనిఖీకి వెళ్లింది మన రాష్ట్రంలోని ఒక డీమ్డ్ వర్సిటీకే. కేసు తేలాల్సి ఉంది. అంతకుముందు ఛత్తీస్‌గఢ్ 2002లో చట్టం చేసి వందకు పైగా ప్రైవేటు వర్సిటీలకు తలుపులు తెరిచింది. కొన్నింటికి సరైన క్యాంపస్సే లేదు. 2005లో ఆ చట్టంలోని కీలక సెక్షన్లను సుప్రీంకోర్టు కొట్టేసింది.

తప్పు బయటపడ్డాక దెబ్బ ఎవరికి తగులుతుందో చూడాలంటే సుప్రీంకోర్టు 2017 నవంబరు తీర్పు చదవాలి. నాలుగు డీమ్డ్ వర్సిటీలు సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ అనుమతి లేకుండా దూరవిద్యలో ఇంజనీరింగ్ డిగ్రీలిచ్చాయి. 2001-05 మధ్య చేరినవాళ్ల పట్టాలను కోర్టు సస్పెండ్ చేసి, ఏఐసీటీఈ పెట్టే పరీక్ష పాసైతేనే చెల్లుతాయంది. ఆ తర్వాతి బ్యాచ్‌లవి రద్దే. ఉద్యోగాలు, సంసారాల్లో పడ్డవాళ్లు మళ్లీ పరీక్ష హాల్లో కూర్చోవాల్సి వచ్చింది. ఆ తీర్పు తర్వాత యూజీసీ చురుగ్గా చేసిన పని, 123 సంస్థలకు ‘యూనివర్సిటీ’ అన్న మాట తీసేయమని లేఖలు రాయడం. బోర్డుల పెయింటర్లకు మాత్రం చేతినిండా పని దొరికి ఉంటుంది!

అలాగని అన్నిటినీ అనుబంధ కాలేజీలుగానే ఉంచాలని నేను అనను. 2006లో నన్నయ వర్సిటీ వచ్చేదాకా గోదావరి జిల్లాల డిగ్రీ కాలేజీలు విశాఖలోని ఆంధ్రా వర్సిటీ వైపే చూసేవి. మార్కుల మెమోలో పేరు తప్పు పడితే దిద్దించుకోడానికి రైలెక్కాల్సిందే. వందల కాలేజీలను ఒకే వర్సిటీ మోస్తే సిలబస్ మార్చడానికీ ఏళ్లు పడుతుంది. మంచి కాలేజీ సొంతంగా నడవాలనుకోవడంలో తప్పులేదు.

అయితే హోదాతో పాటు కొన్ని షరతులు ఉండాలి. మొదటి ఐదేళ్లయినా పేపర్లలో కొంత భాగాన్ని బయటి వర్సిటీ అధ్యాపకులు మళ్లీ దిద్ది, తేడా ఎంతో ప్రకటించాలి. సబ్జెక్టుల వారీగా ఎంతమంది పాసయ్యారో, పాత ప్రశ్నపత్రాలతో సహా, అందరికీ కనబడేలా పెట్టాలి. ప్లేస్‌మెంట్ల ఫ్లెక్సీలో నాలుగు ఫొటోలు వేస్తే సరిపోదు. హోదా రాకముందు చేరిన పిల్లలకు ఎవరి పట్టా వస్తుందో యాజమాన్యం నోటిమాటగా కాదు, అడ్మిషన్ కాగితం మీదే రాసివ్వాలి. ఈ కౌన్సెలింగ్‌లో సీటు ఖాయం చేసుకునే ముందు తల్లిదండ్రులు ముందుగా ఆ కాగితమే అడగాలి.